చేతన లేదు కాబట్టి తప్పు లేదా?



ధమ్మ తరగతుల్లో తొలినాళ్లలోనే మనం నేర్చుకునే విషయం ఒకటుంది. కర్మను కర్మగా చేసేది చేతన, అంటే మనసులో ఉన్న ఉద్దేశం. కాలు తగిలి కుండ పగలడం వేరు, కావాలని తన్ని పగలగొట్టడం వేరు. రెండుచోట్లా కుండ పోయింది. కానీ మనిషి చేసిన పని ఒకటి కాదు. మంత్రం తప్పితే పాపం, నీడ పడితే మైల అని నమ్మే లోకంలో నిలబడి, మైల చేతికి కాదు మనసుకు అంటుతుందని చెప్పినవాడు తథాగతుడు. అంటరానితనాన్ని వంశపారంపర్యంగా మోసిన మనకు ఈ మాట విలువ ఎంతో ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే ఇదే మాటను పట్టుకుని ఒక చిక్కు ప్రశ్న మన ముందుకు వస్తుంది. కుళాయి నీళ్లు, రోడ్డు, వీధి దీపం, మురుగు కాలువ, ఆస్పత్రి, అంగన్‌వాడీ, పింఛను, ఇవన్నీ ప్రజల డబ్బుతో నడిచేవి. ఇవి కొందరికి చేరుతున్నాయి, కొందరికి చేరడం లేదు. చేరనివాళ్లు ఎవరా అని చూస్తే ప్రతిసారీ ఒకే రంగువాళ్లు, లేదా ఒకే కులంవాళ్లు తేలుతున్నారు. ఆఫీసుకు వెళ్లి అడిగితే, "మాకు అలాంటి ఉద్దేశం ఏమీ లేదండీ, రూలు అందరికీ ఒకటే" అంటారు. ఆ అధికారి అబద్ధం చెప్పడం లేదనే అనుకుందాం. నిజంగానే అతని మనసులో ద్వేషం లేదు. మరి అప్పుడు తప్పు జరిగినట్టా, జరగనట్టా? చేతన లేదు కాబట్టి కర్మ లేదు, కర్మ లేదు కాబట్టి అడిగేందుకేమీ లేదు అని బౌద్ధులమైన మనమే ఒప్పుకోవాలా?

ఈ ప్రశ్న మీద అమెరికాలో కోర్టుల దాకా వాదం నడిచింది. ముందు అది చూద్దాం. అక్కడి నల్లజాతివాళ్ల గొడవ మనకెందుకు అనుకోకండి. బాబాసాహెబ్ 1913 నుంచి 1916 దాకా న్యూయార్క్‌లో, కొలంబియా యూనివర్సిటీలో చదివారు. దానికి దగ్గర్లోనే హార్లెం పేట. 1946లో అమెరికా నల్లజాతి ప్రజలు ఐక్యరాజ్యసమితికి ఒక విన్నపం పెడుతున్నారని తెలిసి, దాని ప్రతి కావాలని బాబాసాహెబ్ డబ్ల్యూ.ఈ.బీ. డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. డుబాయిస్ జవాబూ రాశారు. 1972లో బొంబాయిలో మన యువకులు సంఘం పెట్టుకున్నప్పుడు దళిత్ పాంథర్స్ అన్న పేరు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో మీకు తెలుసు. ఈ చుట్టరికం పాతది.

మిసిసిపి రాష్ట్రంలో షా అని చిన్న పట్టణం ఉంది. పత్తి పొలాల మధ్య ఊరు. 1960ల చివర్లో అక్కడి జనాభా సుమారు 2,500. అందులో సుమారు 1,500 మంది నల్లజాతివాళ్లు, మిగతావాళ్లు తెల్లవాళ్లు. కానీ ఇళ్లు కలిసి ఉండవు. మనకు ఊరూ వాడా ఉన్నట్టే అదొక వైపు, ఇదొక వైపు. ఆండ్రూ హాకిన్స్ అనే ఆయన, మరికొందరు పేటవాసులు కలిసి పట్టణ పాలకుల మీద కేసు వేశారు. వాళ్లు కోర్టులో పెద్ద సిద్ధాంతాలేమీ చెప్పలేదు. ఇళ్లు లెక్క పెట్టి చూపించారు. పక్కా రోడ్డు లేని వీధుల్లో ఉన్న ఇళ్లలో దాదాపు 98 శాతం నల్లజాతివాళ్లవి. మురుగు పైపు కనెక్షన్ లేని ఇళ్లలో 97 శాతం నల్లజాతి పేటల్లోనివి. ఊరికి కొత్తగా తెచ్చిన మెర్క్యురీ వేపర్ లైట్లన్నీ తెల్లవాళ్ల వీధుల్లో వెలుగుతున్నాయి. నల్లవాళ్ల వీధుల్లో ఉన్నవి ఒట్టి బల్బులు. నీటి పైపుల్లోనూ అదే తేడా.

పాలకుల జవాబు ఏమిటో వినండి, ఎక్కడో విన్నట్టే ఉంటుంది. మేం రంగు చూడలేదు, రద్దీ చూశాం. బండ్లు ఎక్కువ తిరిగే వీధికి ముందు రోడ్డు వేశాం, జనం ఎక్కువ వాడే చోట పెద్ద లైటు పెట్టాం, స్థలం సరిపడా ఉన్నచోట పని చేశాం, అన్నారు. వినడానికి సబబుగానే ఉంది. 1969లో కింది కోర్టు ఇది సబబే అంది కూడా. కానీ కొంచెం ఆగి ఆలోచించండి. రోడ్డు లేని వీధిలోకి బండి ఎలా వస్తుంది? బండ్లు రావు కాబట్టి రద్దీ లేదు. రద్దీ లేదు కాబట్టి రోడ్డు లేదు. నిన్నటి అన్యాయం ఇవాళ కొలతబద్ద అయి కూర్చుంది. ఆ కొలతబద్ద పట్టుకున్న ఇంజనీరు మహా సాత్వికుడు కావచ్చు. అతను కొలిచిన ప్రతిసారీ అదే జవాబు వస్తుంది.

1971లో అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగేసింది. పాలకుల మనసులో దురుద్దేశం ఉందని రుజువు చేయనక్కర్లేదు, ఫలితం ఇంత స్పష్టంగా రంగును బట్టి విడిపోయి కనబడుతుంటే అది చాలు, దీన్ని సరిచేసే పథకం వేసుకుని రండి అంది. మరుసటి ఏడాది ఆ కోర్టు పూర్తి బెంచీ కూడా దాన్నే నిలబెట్టింది.

ఆ ఆనందం ఎక్కువ కాలం నిలవలేదు. 1976లో, వాషింగ్టన్ నగర పోలీసు ఉద్యోగాల రాతపరీక్ష గురించిన కేసులో, అమెరికా సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. రాజ్యాంగంలోని సమానత్వ హామీ కింద గెలవాలంటే ఫలితం ఒక్కటే సరిపోదు, వివక్ష చూపాలన్న ఉద్దేశం కూడా ఉందని చూపించాలి అంది. అంటే చేతన చూపించమంది. అప్పటి నుంచి అక్కడి పేదపేటలకు ఈ దారిలో కేసు గెలవడం చాలా కష్టమైంది. ఏ అధికారి కాగితం మీద "వీళ్లు నల్లవాళ్లు కాబట్టి ఇవ్వం" అని రాసి సంతకం పెడతాడు?

అయినా కొన్నిచోట్ల గెలిచారు. ఒహాయో రాష్ట్రంలో జేన్స్‌విల్ నగరం పక్కన కోల్ రన్ అని నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే చిన్న పేట. పాత బొగ్గు గనుల వల్ల బావి నీళ్లు పాడయ్యాయి. చుట్టుపక్కల తెల్లవాళ్ల ఇళ్లకు కుళాయిలు వచ్చాయి. వీళ్లకు మాత్రం దాదాపు 50 ఏళ్లు రాలేదు. వాననీళ్లు తొట్లలో పట్టుకున్నారు, బండ్ల మీద నీళ్లు మోసుకొచ్చుకున్నారు. పాలకులు ఇక్కడా అదే మాట అన్నారు, జాతి కారణం కాదని. 2008లో జూరీ ఆ మాట నమ్మలేదు. పేటవాసులకు కోటి డాలర్లకు పైగా పరిహారం ఇవ్వమంది. నీళ్ల కోసం కొట్లాట అంటే మనకు వెంటనే గుర్తొచ్చే ఊరు వేరే ఉంది. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ఇప్పుడు ధమ్మం దగ్గరికి రండి. ఉద్దేశం చూపించమన్న ఆ కోర్టు మాటకూ, కర్మకు మూలం చేతన అన్న బుద్ధుడి మాటకూ తేడా ఏముంది? రెండూ ఒకటే అనిపించడం లేదూ? వాదన చేసేవాళ్లు మనకు చక్ఖుపాల థేరుడి కథ కూడా చూపిస్తారు. ఆయన ధ్యాన సాధనలో కళ్లు పోగొట్టుకున్న భిక్షువు. వాన వెలిసిన రాత్రి చంక్రమణం చేస్తుంటే కాళ్ల కింద పడి పురుగులు చచ్చిపోయాయి. తెల్లారి చూసిన భిక్షువులు బుద్ధుడి దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేశారు. ఆయనకు కనబడలేదు, చంపాలన్న తలంపు లేదు, కాబట్టి దోషం లేదు అని తేల్చాడు తథాగతుడు. మున్సిపల్ ఆఫీసులో కూర్చున్న పెద్దమనిషికీ ఇదే వర్తిస్తుంది కదా అంటారు.

ఈ కథ నిజమే. కానీ పురుగుల సంగతి బుద్ధుడి ముందుకు ఒక్కసారే రాలేదు. వినయ పిటకంలో ఇంకో సందర్భం ఉంది. దాన్ని పక్కన పెట్టుకుని చదివితే అసలు విషయం తేలుతుంది. తొలిరోజుల్లో భిక్షువులు ఎండా వానా అని లేకుండా ఏడాదంతా తిరుగుతూనే ఉండేవారు. వానాకాలంలో పచ్చగడ్డి తొక్కుతున్నారు, చిన్న చిన్న ప్రాణులను నలిపేస్తున్నారు, పక్షులు కూడా ఆ నాలుగు నెలలు గూళ్లు కట్టుకుని ఉంటాయి కదా, వీళ్లకేమైంది అని జనం విసుక్కున్నారు. ఆ భిక్షువుల్లో ఎవరికైనా పురుగులను చంపాలన్న చేతన ఉందా? లేదు. ప్రాణిహింస మానుకున్నవాళ్లే అందరూ. బుద్ధుడు అప్పుడు "మా వాళ్లకు ఉద్దేశం లేదు, కాబట్టి తప్పు లేదు" అని జనాన్ని పంపేయలేదు. నియమమే మార్చాడు. వర్షావాసం అలా వచ్చింది. ఇప్పుడు మనం ఆషాఢ పూర్ణిమ నుంచి పాటిస్తున్నది అదే.

చూశారా, రెండుచోట్లా చచ్చింది పురుగులే, రెండుచోట్లా చేతన లేదు. తీర్పు మాత్రం వేరు. ఒకచోట తూకం వేసింది ఒక మనిషి మనసును. దానికి తక్కెడ చేతన. ఇంకోచోట తూకం వేసింది సంఘం నడిచే పద్ధతిని. పద్ధతికి మనసు ఉండదు, దాని చేతనను ఎక్కడ వెతుకుతాం? దాని కింద పడి ఎవరు నలుగుతున్నారన్నదే దానికి తక్కెడ. ఈ రెండు తక్కెడలనూ కలిపేస్తే రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. ఫలితం చూసి ప్రతి గుమస్తానూ దుర్మార్గుడనడం ఒకటి. గుమస్తా మంచివాడు కాబట్టి పద్ధతి కూడా మంచిదే అనడం రెండోది. మనవాళ్లు కోపంలో మొదటిది చేస్తారు. ప్రభుత్వాలు తీరికగా రెండోది చేస్తాయి. నా లెక్కలో రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అది మర్యాదగా ఉంటుంది.

ఇంకో సంగతి. ద్వేషం లేకపోతే అకుశలం లేదని ఎవరు చెప్పారు? అకుశలానికి మూలాలు మూడు. లోభం, ద్వేషం, మోహం. మోహం అంటే సినిమా పాటల్లో వినబడే మోహం కాదు. కళ్ల మీద పొర, ఉన్నది ఉన్నట్టు కనబడకపోవడం. ద్వేషం మాట తీసేసినా ఈ మూడోది మిగిలే ఉంటుంది. చక్ఖుపాలుడికి కళ్లు లేవు. షా పట్టణం పాలకులకు కళ్లున్నాయి, ఊరు చిన్నది, నడిచి చూస్తే పూట పట్టదు. పేటవాసులు వచ్చి చెప్పారు కూడా. చెప్పిన రోజు దాకా అది మోహం. చెప్పాక కూడా అలాగే నడిపించాలని కూర్చుంటే, ఇక చేతన లేదని ఎలా అంటాం? తెలిసి కొనసాగించడం కూడా ఒక ఉద్దేశమే. కాబట్టి పేటవాళ్లు లెక్కలు పట్టుకుని ఆఫీసు మెట్లెక్కడం గొడవ పెట్టుకోవడం కాదు. ఎదుటివాడి కంటి పొర తీయడం. ఆ తర్వాత అతని బాధ్యత అతనిది.

పూర్వజన్మ కర్మ అనే పాత మందు ఇక్కడ పనికిరాదని మీకు వేరే చెప్పాలా? పేదరికాన్నీ అంటరానితనాన్నీ పోయిన జన్మ ఖాతాలో రాయడం అమానుషమని బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో తేల్చి చెప్పారు. మనిషి ఒంటరిగా ఉంటే ధమ్మం అవసరం లేదు, ఇద్దరు మనుషులు ఒకచోట ఉన్నారంటే అవసరం మొదలైనట్టే అన్నది ఆయన ఎత్తి చూపిన విషయం. కుళాయి కూడా ఇద్దరు మనుషుల మధ్య విషయమే.

ఇప్పుడు మహాడ్. చవదార్ చెరువు సత్యాగ్రహం గురించి మనం ఏటా చెప్పుకుంటాం. కానీ దాని ముందు కథ మీద అంతగా నిలవం. 1923లో బొంబాయి శాసనమండలి, ప్రజల డబ్బుతో కట్టిన, నడిచే చెరువులు, బావులు, ధర్మశాలలు, బడులు అంటరానివాళ్లకూ తెరవాలని తీర్మానం చేసింది. దాన్ని పెట్టించినవారు ఎస్.కె. బోలే. 1924లో మహాడ్ మున్సిపాలిటీ, తన చెరువు అందరికీ తెరిచి ఉందని తీర్మానించింది. అంటే కాగితం మీద రూలు అందరికీ ఒకటే. ఆ రోజు మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి అడిగితే "మాకే ఉద్దేశమూ లేదండీ, చెరువు తెరిచే ఉంది" అని చెప్పగలిగేవారు. మూడేళ్లు అలాగే తెరిచి ఉంది. ఒక్క అంటరాని మనిషి కూడా ధైర్యంగా దిగి తాగలేకపోయాడు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి దోసిలి పట్టేదాకా ఆ తీర్మానం ఒట్టి కాగితమే. తాగాక ఏమైంది? తిరిగి వెళ్తున్నవాళ్ల మీద దాడులు జరిగాయి. చెరువును శుద్ధి చేశారు. ఆ ఆగస్టులో మున్సిపాలిటీ తన తీర్మానాన్నే వెనక్కి తీసుకుంది. ఎవరూ వాడుకోనంతకాలం సమానత్వం ఎవరికీ అడ్డు రాలేదు. వాడుకున్న రోజునే దాన్ని రద్దు చేశారు. కేసు హైకోర్టులో మనవాళ్ల వైపు తేలేసరికి 1937 వచ్చింది.

కాబట్టి తలుపు తెరిచి ఉందా అని కాదు, లోపలికి ఎవరు రాగలిగారు అని అడగాలి. దానికి వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది. మీరు కూడా విని ఉంటారు, ఒక్కోసారి మనింట్లో పిల్లలే అడుగుతారు. అందరికీ ఒకేలా ఇవ్వడం సమానత్వం కదా, కొందరి కోసం ప్రత్యేకంగా చేస్తే అది పక్షపాతం కాదా అని. ఆళవి రైతు కథ చెప్పండి. ధమ్మపదం అట్ఠకథలో ఉంది.

ఆళవి అనే ఊళ్లో ఒక పేద రైతు ధమ్మం వినాలని ఆశపడ్డాడు. బుద్ధుడు భిక్షుసంఘంతో 30 యోజనాలు నడిచి ఆ ఊరు వచ్చాడు. సరిగ్గా ఆ రోజే రైతు ఎద్దు తప్పిపోయింది. ఎద్దు పోతే బతుకు పోయినట్టే, అందుకని వెతుక్కుంటూ పొలాల్లో పడ్డాడు. ఊళ్లోవాళ్లు బుద్ధుడికీ సంఘానికీ భోజనం పెట్టారు, భోజనాలు అయ్యాయి, ఇక ధమ్మం చెబుతాడని అందరూ కూర్చున్నారు. ఆయన నోరు విప్పలేదు. ఒక్క మనిషి కోసం ఊరంతటినీ కూర్చోబెట్టాడు. మధ్యాహ్నానికి ఎద్దు దొరికి, రైతు పరుగున వచ్చాడు. ఆకలితో ఉన్నాడు. సంఘానికి వడ్డించగా మిగిలిన అన్నం ఏమైనా ఉందా అని అడిగి, ముందు అతనికి తినిపించి, అప్పుడు ధమ్మం మొదలుపెట్టాడు తథాగతుడు. తిరుగు దారిలో కొందరు భిక్షువులు గొణుక్కున్నారు, ఒక్కడి కోసం ఇంతా అని. ఆకలితో ఉన్నవాడి చెవికి ధమ్మం ఎక్కదన్నదే ఆయన జవాబు సారం.

ఆ రోజు బుద్ధుడు సమయానికి ప్రవచనం మొదలుపెట్టి ఉంటే దాన్ని పక్షపాతం అని ఎవరూ అనరు. సమయం అందరికీ ఒకటే, సభ అందరికీ తెరిచే ఉంది. ఎద్దు తప్పిపోవడం రైతు ఖర్మ అనేవారు. రైతుకు ప్రత్యేకంగా ఎక్కువ ధమ్మం ఏమీ చెప్పలేదు చూడండి. మిగతావాళ్లు విన్నదే అతనూ విన్నాడు. ప్రత్యేకంగా చేసిందల్లా అతను వినగలిగే స్థితికి వచ్చేదాకా ఆగడం, అన్నం పెట్టడం. రిజర్వేషనూ, ఉపప్రణాళికా, పేటలోకి వచ్చి ఫారం నింపిపెట్టే వాలంటీరూ, ఇవన్నీ ఆ పూట అన్నంలాంటివే.

ఇప్పుడు కొన్ని నగరాలు ఈ తక్కెడను తామే వాడడం మొదలుపెట్టాయి. సియాటెల్ నగరం 2004లో రేస్ అండ్ సోషల్ జస్టిస్ ఇనిషియేటివ్ అని ఒక కార్యక్రమం పెట్టుకుంది. నగర శాఖలు ఒక పథకమో బడ్జెట్టో నిర్ణయించే ముందు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. దీనివల్ల ఎవరికి మేలు, ఎవరి మీద భారం, ఆ పేటవాళ్లను అడిగారా, తర్వాత ఏం జరిగిందో లెక్క చూస్తారా. నిధులు ఒక సేవాసంస్థకు ఇచ్చేటప్పుడు, చక్కటి ఇంగ్లీషులో దరఖాస్తు రాయగలిగినవాళ్లకే డబ్బు పోతోందా, పేటలో నిజంగా పనిచేసేవాళ్లకు పోతోందా అన్నది అసలు సమస్య. దీంతో అంతా బాగైపోయిందని నేను చెప్పను. ప్రశ్నల పత్రం నింపడం కూడా ఒక కొత్త యజ్ఞం కాగలదు. మంత్రం చదివాం, పని అయిపోయింది అన్నట్టు. అయినా ఉద్దేశం ఉందా అని అడగడం మాని ఎవరికి చేరింది అని అడగడం నేర్చుకోవడం చిన్న విషయం కాదు.

ఆ సియాటెల్ నగరమే 2023 ఫిబ్రవరి 21న కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. క్షమా సావంత్ ప్రతిపాదించారు, కౌన్సిల్‌లో ఆరుగురు అవునన్నారు, ఒకరు కాదన్నారు. అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. "ఇక్కడ కులం ఎక్కడుంది, మాకు అలాంటి ఉద్దేశాలు లేవు" అన్న మాట ఆ చర్చల్లోనూ వినబడింది. సముద్రం దాటినా ఆ వాక్యం మారలేదు.

మన దగ్గర సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళికకు చట్టం వచ్చింది. జనాభా ఎంత శాతమో నిధుల్లో అంత వాటా అని. దాని కోసం మనవాళ్లు ఎన్నేళ్లు తిరిగారో గుర్తుంది కదా. కానీ డబ్బు ఖర్చయిందా అన్నది ఒక లెక్క, వాడకు చేరిందా అన్నది ఇంకో లెక్క. మీ ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర నుంచి పైపు వెంబడి నడుచుకుంటూ పోండి. ఆఖరి కుళాయి ఏ పల్లెలో ఉందో, అక్కడికి వచ్చేసరికి ధార ఎంత సన్నబడిందో చూడండి. పైపు వేసిన ఇంజనీరుకు చేతన ఉందా లేదా అన్న చర్చ తర్వాత పెట్టుకోవచ్చు. ముందు బిందె నిండడానికి అక్కడ ఎన్ని నిమిషాలు, ఇక్కడ ఎన్ని నిమిషాలు అని రాసుకోండి. హాకిన్స్ వాళ్లు చేసిందీ అదే.

మనకే తగిలిన ఇంకో గాయం. ఎస్సీ హోదాను 1950 ఉత్తర్వు హిందువులకే ఇచ్చింది, 1956లో సిక్కులను చేర్చారు. బౌద్ధులను చేర్చడానికి 1990 దాకా పట్టింది. చట్టం మారి ముప్పై ఏళ్లు దాటినా, మతం దగ్గర బౌద్ధం అని రాస్తే సర్టిఫికెట్ పోతుందేమోనని భయపడి రాయనివాళ్లు మనలో ఇప్పటికీ ఉన్నారు. తలుపు తెరిచారు, తెరిచినట్టు ఎవరూ గట్టిగా చెప్పలేదు.

సరే, ఇంతసేపూ ప్రభుత్వాలనే అన్నాం. ఇదే తక్కెడలో మన విహారాలను కూడా పెట్టాలి కదా. మన సంఘాలు కూడా పిల్లలకు పుస్తకాలు ఇస్తాయి, ఫీజులు కడతాయి, వైద్య శిబిరాలు పెడతాయి. 1969లో అమెరికాలో బ్లాక్ పాంథర్ పార్టీవాళ్లు ఓక్లాండ్‌లో ఒక చర్చిలో బడిపిల్లలకు ఉచితంగా టిఫిన్ పెట్టడం మొదలుపెట్టారు. వాళ్లు చేసిన తెలివైన పని ఏమిటంటే, పిల్లలు బడికి వెళ్లే దారిలో, వెళ్లే వేళకు పెట్టారు. మనం ఏం చేస్తున్నాం? నోటీసు వాట్సాప్ గ్రూపులో పెడతాం. ఫోన్ లేని ముసలమ్మకు తెలియదు. దరఖాస్తుకు ఆదాయం సర్టిఫికెట్ జిరాక్స్ అడుగుతాం. మీసేవకు రెండు పూటలు తిరగలేని తల్లి వదిలేస్తుంది. సభ ఆదివారం పొద్దున పదింటికి. అప్పుడు పారిశుధ్య కార్మికులు డ్యూటీలో ఉంటారు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు రెండో ఇంట్లో గిన్నెలు తోముతుంటారు. సంఘం పెద్దలు ఎక్కువగా ఏ ఉపకులంవాళ్లో, సాయం ఎక్కువగా ఏ వీధికి పోయిందో పక్కపక్కన రాసి చూస్తే కొన్నిచోట్ల మొహం చెల్లదు. మనకు మాత్రం చేతన ఉందా? లేదు. మైత్రి భావన చేసేవాళ్లమే.

కమిటీలో ఉన్నవాళ్లు దీన్ని నింద అనుకోనక్కర్లేదు. వానాకాలం గురించి జనం విసుక్కున్నప్పుడు భిక్షుసంఘం నొచ్చుకుని కూర్చోలేదు, నియమం మార్చుకుంది. ఆషాఢ పూర్ణిమ లోపు ఒక పని చేయవచ్చు. పోయిన ఏడాది సాయం తీసుకున్న కుటుంబాల పేర్లు ఒక కాగితం మీద, పేటలో ఉన్న అన్ని కుటుంబాల పేర్లు ఇంకో కాగితం మీద, వీధులవారీగా రాయండి. రెండో దానిలో ఉండి మొదటి దానిలో లేనివాళ్ల ఇళ్లకు ఇద్దరేసి వెళ్లండి. ఎందుకు రాలేదని కాదు, మా పద్ధతిలో మీకేం అడ్డొచ్చింది అని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. ఆదివారం సభను సాయంత్రం ఏడింటికి మార్చి మూడు నెలలు నడపండి, డ్యూటీ దిగి వచ్చిన కార్మికులు ఎంతమంది కూర్చున్నారో ప్రతివారం రిజిస్టర్‌లో వేయండి. వాళ్లు రాకముందే చాయ్ అయిపోకుండా చూసుకోండి.